మిద్దె మీద కుందేళ్ల గూడు: రెడీమేడ్ కొనాలా, వడ్రంగితో చేయించాలా?

#1 కొత్తగూడు
రెండు కుందేళ్లు, నాలుగు నెలలవి, ఒక్కోటి కిలోన్నర. ఒకటి మగ, ఒకటి ఆడ. హైదరాబాద్, మూడంతస్తుల ఇంటి మిద్దె. వాటర్ ట్యాంకు దిమ్మ కింద కొంచెం నీడ ఉంది, మిగతాదంతా ఎండే. ఆన్‌లైన్‌లో చూసిన గూడు వివరాలు: రెండంతస్తులు, పొడవు 3 అడుగులు, లోతు అడుగున్నర, పైన ఆకుపచ్చ తారు షీటు, కింద లాగే ట్రే, ఫర్ (పైన్ లాంటి మెత్తటి) కలప. కొనొచ్చా? చేయిస్తే కొలతలు, జాలీ, కప్పు ఏం చెప్పాలి? కోతులు రావు, పిల్లులు మాత్రం తిరుగుతుంటాయి.

#2 జాలీగేజీ
కొనకండి. ఆ మోడల్ ఏ పేరుతో అమ్మినా ఒకటే సరుకు. చెక్క మందం 10–12 మి.మీ., కుందేలు నెల రోజుల్లో అంచులు నమిలేస్తుంది. రెండంతస్తులని రాస్తారు గానీ మధ్యలో ర్యాంపుకి వదిలిన కంత తీసేస్తే పై అంతస్తులో ఒక కుందేలు పడుకునే చోటే మిగులుతుంది. తారు షీటు వానా చలీ ఉన్న దేశాలకి చేసింది. మన ఏప్రిల్ ఎండకి మెత్తబడి వాసన కొడుతుంది, కింద గూడంతా వేడెక్కుతుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది జాలీ. ఆరు మూలల కోడి జాలీ ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు, వదిలేయండి. అది సన్న తీగ, కుందేలు పళ్లతో తెంపేస్తుంది. కావలసింది వెల్డెడ్ జాలీ, జీఐది (జింకు పూత ఇనుము). షాపులో "గేజీ ఎంత, కన్ను ఎంత" అని రెండూ అడగాలి. గేజీ నంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది: 14 గేజీ సుమారు 2 మి.మీ., 16 అయితే 1.6, 18 అయితే 1.2, 22 అయితే 0.7. ఇరవై రెండు గేజీది చేత్తో వంగుతుంది, దాని మీద డబ్బు పెట్టడం దండగ. కన్ను అర అంగుళం, తీగ 18 గేజీ కంటే సన్నగా ఉండకూడదు. అంగుళం × అర అంగుళం కన్నుతో 16 గేజీ దొరికితే ఇంకా మేలు. కన్ను అంగుళం × అంగుళం అయితే పిల్లి గోళ్లు లోపలికి వస్తాయి, ఎలుకలు, చిన్న పాములు దూరతాయి.

జాలీని ఫ్రేముకి లోపలి వైపు బిగించమనండి, చెక్కని నమలకుండా అదే కాపలా. స్టేపుల్ పిన్నులు వద్దు. వెడల్పు వాషరు, స్క్రూ, నాలుగు అంగుళాలకొకటి.

#3 మిద్దెనీడ
జాలీ సంగతి సరే, గూడు ఎక్కడ పెడతారన్నది అంతకంటే ముందు తేలాలి. మిద్దె మీద ఎండ పైనుంచే కాదు, కింద నుంచి కూడా వస్తుంది. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పది దాటినా వేడి వదులుతూనే ఉంటుంది. అందుకే కాళ్లు లేని గూడు మిద్దెకి పనికిరాదు. రెండడుగుల ఎత్తు కాళ్లుండాలి, కింద గాలి ఆడాలి.

ట్యాంకు దిమ్మ కింద చోటు మంచిదే, అయితే నీడ ఎన్ని గంటలకి ఎటు జరుగుతుందో చూశారా? ఉదయం పది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం నాలుగు, ఈ మూడు వేళల్లో నీడ అంచున సుద్దతో గీత గీయండి. మూడు గీతల్లోనూ నీడలోనే ఉన్న చోటు ఎంతో కొలిస్తే గూడు సైజు అదే చెబుతుంది. చాలామంది ఉదయం చూసి పెట్టేస్తారు, సాయంత్రం నాలుగింటి పడమటెండ నేరుగా నిద్రగదిలోకి కొడుతుంది.

గూడు చుట్టూ నాలుగైదు అడుగుల మేర శ్లాబుకి సున్నం గానీ తెల్లటి కూల్ రూఫ్ పెయింటు గానీ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది మనుషుల కోసమే అనుకోండి, కుందేలుకీ అదే సూత్రం.

ఇంత చేసినా ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మిద్దె మీద వద్దు. 11 నుంచి 5 వరకు ఇంట్లోకి తేవాల్సిందే. ఆ వీలు లేకపోతే మిద్దె ఆలోచనే మానేసి కింద పోర్టికోలో చోటు చూడండి.

#4 చిన్నప్రాణుల_డాక్టరు
మిద్దెనీడ గారు చెప్పింది అక్షరాలా నిజం. కుందేలుకి చెమట పట్టదు. ఒంట్లో వేడి పోయేది ముఖ్యంగా చెవుల్లోంచే, కొంత ఊపిరిలోంచి. దానికి హాయిగా ఉండేది 15–20 డిగ్రీల దగ్గర. 28 దాటితే ఓ కన్ను వేసి ఉంచాలి, 32 దాటితే చోటు మార్చాలి. గూడు లోపల, నిద్రగది పైభాగంలో ఒక థర్మామీటరు తగిలించండి. ఫోనులో కనిపించే ఊరి టెంపరేచరుకి, గూట్లో ఉన్నదానికి పొంతన ఉండదు.

వడదెబ్బ గుర్తులు: చెవులు ఎర్రబడి కాలిపోతుంటాయి, నోరు తెరిచి ఎగశ్వాస, మూతి కింద తడి, కాళ్లు చాపి లేవకపోవడం. వెంటనే నీడలోకి తెచ్చి చెవులు చల్లని నీళ్లతో తడపాలి. ఐసు నీళ్లలో ముంచకూడదు. చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది. తడుపుతూనే డాక్టరు దగ్గరకి బయల్దేరాలి.

ఇంకో మాట. ఆడా మగా నాలుగు నెలలు అంటున్నారు. ఈ రోజు నుంచే విడిగా ఉంచండి. చూలు 31 రోజులు, ఈనిన రోజే మళ్లీ కట్టగలవు. గూట్లో మధ్య అడ్డు ఉండాల్సిందే, అదీ జాలీ అడ్డు, వాసన తెలుస్తూ ఉండేలా. మగదానికి ఆపరేషన్ చేయించాక కూడా ఆరు వారాలు ఆగి కలపండి, ఆలోపు ఇంకా చూలు కట్టించగలదు.

#5 ఫారం_లెక్క
ఇంత హడావుడి ఎందుకో అర్థం కాదు. ఫారాల్లో రెండడుగుల × అడుగున్నర కేజీల్లో వేలకొద్దీ పెరుగుతున్నాయి. అడుగంతా జాలీ, పెంటికలు కిందికి రాలిపోతాయి, కడిగే పని లేదు. వెయ్యి రూపాయల చిల్లరలో అయిపోయేదానికి కార్పెంటరు ఎందుకండీ?

#6 చిన్నప్రాణుల_డాక్టరు
> అడుగంతా జాలీ, పెంటికలు కిందికి రాలిపోతాయి

ఫారంలో మాంసానికి పెంచేది రెండు మూడు నెలల్లో పోతుంది. పెంపుడు కుందేలు ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు పాదం కింద మెత్తటి గద్దె కుందేలుకి ఉండదు, బొచ్చు ఒక్కటే. తీగ మీద నెలల తరబడి నిలబడితే ముందు మడమ దగ్గర బొచ్చు రాలి ఎర్రమచ్చ వస్తుంది, తర్వాత పుండు, ఆపైన ఎముక దాకా చీము. బరువైనవాటికీ, బొచ్చు పొట్టిగా ఉండే రెక్స్ జాతికీ ఇంకా త్వరగా వస్తుంది. వచ్చాక మానడానికి నెలలు పడుతుంది. మిద్దె మీద జాలీ అడుగు గూడుకి ఇంకో కష్టం కూడా ఉంది, కాగిన శ్లాబు సెగ నేరుగా పొట్టకి తగులుతుంది.

అడుగు గట్టిగా, సమంగా ఉండాలి. శుభ్రతకి జాలీ అక్కర్లేదు. కుందేలు తనంతట తానే ఒక మూల ఎంచుకుని అక్కడే మూత్రం పోస్తుంది. ఆ మూలన 15 × 20 అంగుళాల ప్లాస్టిక్ టబ్బు పెట్టి, అడుగున పేపరు ముక్కలు, పైన గడ్డి వేయండి. గడ్డి తింటూ విసర్జించడం దాని అలవాటు, గడ్డి బుట్ట టబ్బు పైనే ఉండాలి. వరి ఊక వద్దు, దుమ్మూ ముళ్లూ కళ్లలో పడతాయి. కొబ్బరి పొట్టు తింటే పేగుల్లో అడ్డుపడొచ్చు. ప్లైవుడ్ కోసిన రంపపు పొట్టు అసలు వద్దు, జిగురు పొడి ఉంటుంది.

#7 ఫారం_లెక్క
రెక్స్ సంగతి ఒప్పుకుంటాను, వాటికి పాదాలు చెడడం ఫారాల్లోనూ మామూలే. కొత్తగూడు గారూ, జాలీ అడుగు మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే మూత్రం మాటేంటి? ప్లైవుడ్ ఆర్నెల్లలో ఉబ్బిపోతుంది.

#8 రంపంపొట్టు
ఉబ్బేది ఎంఆర్ గ్రేడు (తేమని కొంతవరకే తట్టుకునే) ప్లై. షీటు మీద ముద్ర చూడాలి. ఐఎస్ 303 ఎంఆర్ అంటే ఇంటి లోపల బీరువాలకి. బయటికి ఐఎస్ 710, మెరైన్ గ్రేడు, 12 మి.మీ. ధర ఎక్కువే, కానీ రెండు షీట్లే పడతాయి. కోసిన అంచులన్నిటికీ ఎల్ యాంగిల్ అల్యూమినియం బిగిస్తే నీరు తాగదు, పన్ను పడదు. అడుగు మీద వినైల్ షీటు పరిచి అంచులు గోడల మీదికి రెండంగుళాలు మడిచి, మడత అంచు మీద కూడా అదే యాంగిల్ కొట్టాలి. అంచు బయటికి కనిపిస్తే పీకి తినేస్తాయి.

వడ్రంగికి ఈ కాగితం ఇవ్వండి (కొలతలన్నీ అంగుళాల్లో):

పొడవు 72, లోతు 30. ముందు ఎత్తు 30, వెనక ఎత్తు 26, వాలు వెనక్కి. కాళ్లు 2×2 చెక్క, ముందువి 54, వెనకవి 50 (కింద 24 కలిపి). అడుగు కింద 24కి ఒక అడ్డపట్టె, లేకపోతే ప్లై మధ్యలో కుంగుతుంది. మొదటి షీటులోంచి అడుగు 72×30, వెనక గోడ 72×18, మిగిలిన ముక్కలో నిద్రగది ముందు తలుపు 24×30. రెండో షీటులోంచి నిద్రగది పక్కగోడ, లోపలి అడ్డుగోడ, రెండూ 30×30, తర్వాత వాలుకి తగ్గట్టు పైన కోసుకోవాలి. అడ్డుగోడలో 8 వెడల్పు, 10 ఎత్తు దారి, అడుగు నుంచి 3 పైకి.

గమనించండి, వెనక గోడ ప్లై 18 మాత్రమే, పైన 8 జాలీ. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి బయటికి దారి పైనే ఉండాలి. నిద్రగది నాలుగు వైపులా మూసేస్తే మే నెలలో అది బట్టీ.

చెక్క విషయానికొస్తే వేప బాగుంటుంది. చెద తొందరగా పట్టదు, నమిలినా హాని లేదు. కానీ ఆరిన వేప అడగండి, పచ్చిది కోస్తే రెండు నెలల్లో తలుపు వంకరపోయి గడియ అందదు. టేకు మన్నుతుంది గానీ ధర ఆకాశంలో. మామిడి పేటికల చెక్కతో చేస్తే చూడ్డానికి గూడే, ఒక్క వానాకాలం చాలు. పెయింటు బయటే. లోపల ఏ పూతా వద్దు. చెదల మందు పూసిన చెక్క ఇస్తే తిరిగి పంపేయండి.

#9 పచ్చగడ్డి
సైజు మీద ఒక్క మాట. బ్రిటన్‌లోని కుందేళ్ల సంక్షేమ సంఘం జంటకి 3 మీటర్లు × 2 మీటర్లు × మీటరు ఎత్తు ఉండాలంటుంది, అదీ ఎప్పుడూ అందుబాటులో. రంపంపొట్టు గారి 6 అడుగుల గూడు పడుకోవడానికి బాగుంటుంది, బతకడానికి చాలదు. వెనక కాళ్ల మీద నిలబడి చెవులు తగలకుండా ఉండాలి, మూడు గెంతులు వరసగా పడాలి. మూడు గెంతులు అంటే సుమారు ఆరడుగులు, నిద్రగది పోను మీ గూట్లో మిగిలేది నాలుగే.

కాబట్టి గూటి ముందు తలుపుకి ఒక ఆవరణ కలపండి. మిద్దె అయితే తవ్వుకుపోయే బెంగ లేదు, 3 అడుగుల జాలీ ప్యానెళ్లు ఆరు, పైన కూడా జాలీ. పైన ఖాళీ వదిలితే గద్దలూ కాకులూ. నేల మీద పెట్టేవాళ్లు చదువుతుంటే వాళ్లకి: మన చేలల్లో తిరిగే చెవులపిల్లి బొరియ తవ్వదు, పెంపుడు కుందేలు తవ్వుతుంది, రెండూ వేర్వేరు జంతువులు. ఆవరణ చుట్టూ జాలీని బయటివైపు ఎల్ ఆకారంలో మడిచి రెండడుగులు నేల మీద పరిచి మట్టి కప్పాలి. నిలువుగా పాతడం కంటే ఇదే మేలు, తవ్వే కుక్క గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, అక్కడ జాలీ అడ్డొస్తుంది.

#10 సాగరతీరం
మిద్దెనీడ గారూ, తడి గోనెసంచి మాట ఎవరూ ఎత్తలేదు. మా విశాఖ వైపు చాలామంది అదే చేస్తారు, ఫలితం ఉండదు. ఇక్కడి వాళ్లకి ఏం చెప్పాలి?

#11 మిద్దెనీడ
మంచి ప్రశ్న. తడి గోనె చల్లబరిచేది నీరు ఆవిరై పోవడం వల్ల. హైదరాబాద్, కర్నూలు, రామగుండం వేసవిలో గాలి పొడిగా ఉంటుంది, సంచి గంటలో ఆరిపోతుంది, అంటే పని చేస్తోందన్నమాట. విశాఖ, మచిలీపట్నంలో ఉక్కపోత, గాలిలో ముందే తేమ ఉంటుంది, సంచి ఆరదు. తడి సంచి గాలిని కూడా ఆపేసి గూట్లో ఉక్క పెంచుతుంది. తీరంలో సంచులు తీసేసి గాలి ఆడనివ్వండి, అడుగున రాయి పెట్టండి.

రాయి అంటే కడప బండ గానీ షాబాద్ బండ గానీ, అడుగు × అడుగున్నర ముక్క, నునుపు వైపు పైకి. రెండు ముక్కలు తెచ్చి ఒకటి ఇంట్లో నీడలో, ఒకటి గూట్లో, మధ్యాహ్నం మార్చండి. ఇంకా కావాలంటే లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి గూట్లో ఓ పక్కన పెట్టండి. కావాల్సినప్పుడు అవే వచ్చి ఆనుకుంటాయి. రెండు కుందేళ్లకి రెండు సీసాలు.

#12 సాగరతీరం
ధన్యవాదాలండీ. తీరం వాళ్లకి ఇంకొకటి చేర్చనా? జాలీ ముఖం తూర్పుకి పెట్టమని అందరూ రాస్తారు, ఉదయపు ఎండే తగులుతుందని. తెలంగాణలో అది సరే, అక్కడ వాన ఎక్కువగా నైరుతి రుతుపవనాలది, పడమర నుంచి కొడుతుంది. మాకు అక్టోబరు, నవంబరులో తుఫాను వాన సముద్రం వైపు నుంచి వస్తుంది. తూర్పు ముఖం గూడు ఒక్క రాత్రిలో తడిసి ముద్దవుతుంది. ఉత్తరం వైపు పెట్టి, ముందు చూరు అడుగు బయటికి వదలాలి. చుట్టగలిగే టార్పాలిన్ మూడు వైపులా, కానీ పై ఆరంగుళాలు ఎప్పుడూ తెరిచే. తుఫాను హెచ్చరిక వస్తే గూటిని తాళ్లతో కట్టడం కాదు, కుందేళ్లని లోపలికి తేవడమే.

#13 జాలీగేజీ
కప్పు గురించి ఎవరూ పూర్తిగా రాయలేదు. ఒంటి రేకు వద్దు, అది రంగు రేకైనా సరే. ముందు గూటి పైన కూడా జాలీ బిగించాలి, పిల్లి బలం అంతా పైనుంచే. దాని మీద 6 మి.మీ. మెరైన్ ప్లై, దాని మీద రెండంగుళాల రీపర్లు (చెక్కపట్టెలు) వాలు వెంట మూడు, వాటి మీద రేకు. ప్లైకీ రేకుకీ మధ్య రెండంగుళాల ఖాళీలో గాలి అటూ ఇటూ ఆడుతుంది, ఆ ఖాళీయే గొడుగు. రేకు మీద తెల్ల సున్నం. తాటాకు దొరికితే రేకు బదులు తాటాకే, దాన్ని మించింది లేదు, ఏడాదికోసారి మార్చాలి, ఎలుకలు చేరకుండా చూడాలి. వానకి అడుగు పొడవుకి అంగుళంన్నర వాలు చాలు, పై లెక్కలో అంతే వచ్చింది.

గ్రీన్ నెట్ గూటికి ఆనించి కట్టకండి. ఆ పోగులు నమిలి మింగితే పేగుల్లో చుట్టుకుంటాయి. జానెడు దూరంలో విడిగా పందిరి కట్టుకోవాలి.

#14 పచ్చగడ్డి
చీమలు! నల్ల చీమలు పర్వాలేదు, ఎర్ర చీమలు అప్పుడే పుట్టిన పిల్లల్ని బతకనివ్వవు. కాళ్ల కింద నాలుగు చిప్పలు పెట్టి నీళ్లు పోయడం పాత పద్ధతి, కానీ మూడు నాలుగు రోజులకోసారి పారబోయకపోతే అవే డెంగీ దోమల తొట్లు. కాళ్లకి గ్రీజు పూస్తే ఆ బాధ లేదు, కుందేలుకి అందనంత కింద పూయాలి. గూడు గోడకి నాలుగంగుళాలు ఎడంగా ఉండాలి, ఒక్క పుల్ల ఆనినా చీమలకి అదే వంతెన.

#15 చిన్నప్రాణుల_డాక్టరు
చీమలకీ ఈగలకీ గూట్లో మందు స్ప్రే చేయకండి. ముఖ్యంగా కుక్కల గోమార్లకి వాడే ఫిప్రోనిల్ కుందేలుకి ప్రాణాంతకం, దుకాణంలో "అన్ని పెంపుడు జంతువులకీ" అని ఇచ్చినా తీసుకోవద్దు.

వానాకాలంలో రోజుకి రెండుసార్లు తోక కింద చూడాలి. అక్కడ తడి, పెంట అంటుకుని ఉంటే ఈగ గుడ్లు పెడుతుంది, ఒక్క రోజులోనే పురుగులు బయటికొచ్చి చర్మాన్ని తొలుస్తాయి. టబ్బు రోజూ మార్చండి. మూత్రంలో సున్నం ఎక్కువ, అడుగున తెల్లగా పేరుకుంటుంది, సబ్బుకి పోదు. మామూలు వెనిగర్ పోసి పావుగంట ఉంచి గీకితే పోతుంది. ఘాటు వాసన మీ ముక్కుకి తగిలిందంటే కుందేలు ఊపిరితిత్తులు అప్పటికే ఇబ్బంది పడుతున్నాయి.

నీళ్ల సీసా కంటే బరువైన మట్టి మూకుడు మేలు, గిన్నెలోంచి ఎక్కువ తాగుతాయి. వేసవిలో రెండుచోట్ల పెట్టండి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే తెల్లారేదాకా ఆగకండి, అది అత్యవసరం.

#16 కొత్తగూడు
అందరికీ ధన్యవాదాలు. రెడీమేడ్ మానేశాను. సుద్ద గీతలు గీస్తే మూడు వేళలా నీడ ఉన్న చోటు 7 అడుగులు × 4 అడుగులు వచ్చింది. గూడు 6 × రెండున్నర, మెరైన్ ప్లై, ఆరిన వేప, 18 గేజీ అర అంగుళం జాలీ, జంట కప్పు. ముందు తలుపులు మూడు: నిద్రగదికి ఒకటి, జాలీవి రెండు. రెండిటి మధ్య విడదీసే జాలీ అడ్డు. అప్పుడు నిద్రగది ఒకదానికే వస్తుంది కదా? గడియలకి మామూలు కొక్కేలు చాలా?

#17 రంపంపొట్టు
కొక్కెం చాలదు, పిల్లి పంజాతో లేపుతుంది. ఒక్కో తలుపుకి టవర్ బోల్టులు రెండు, పైనొకటి కిందొకటి. నిద్రగది లేని వైపు తాత్కాలికంగా మందపాటి అట్టపెట్టె బోర్లించి దారి కోయండి, నమిలేశాక ఇంకొకటి. ఆపరేషన్ అయ్యాక అడ్డు తీసేస్తారు కాబట్టి దాన్ని మేకులతో కాకుండా గాడిలో జారేలా పెట్టించండి. జాలీ తలుపుల కింద నాలుగంగుళాల గడప ఉంచండి, లేకపోతే తెరిచినప్పుడల్లా గడ్డి అంతా మీ కాళ్ల మీదే. అయితే ఆ గడప కూడా ఊడొచ్చేలా ఉండాలి, టబ్బు జారి బయటికి రావాలిగా.

#18 జాలీగేజీ
కొలతలు ఇచ్చే ముందు మిద్దె మెట్ల తలుపు వెడల్పు చూసుకోండి. చాలా ఇళ్లలో అది రెండున్నర అడుగులే, లోతు 30 అంగుళాల గూడు కాళ్లతో సహా ఆ మలుపులో తిరగదు. కింద బిగించి పైకి మోసుకెళ్లొద్దు. ఫ్రేము రెండు పక్కలూ విడివిడిగా చేయించి, పైన మిద్దె మీదే 3 అంగుళాల బోల్టులూ నట్లతో కలపమనండి. రేపు ఇల్లు మారినా ఊడదీసుకుని పోవచ్చు.

#19 కొత్తగూడు
ఇప్పుడే కొలిచాను. 28 అంగుళాలు.